200 ఇంటూ 230

నాకు కంప్యూటర్ వచ్చు. ఈ ఒక్క మాట నా చేత ఎంత డబ్బు ఖర్చు పెట్టించిందో, ఎంతమంది చుట్టాల ముందర తల దించుకునేలా చేసిందో చెప్పుకోవడానికి మీకంటే దగ్గరివాళ్ళు నాకు లేరు. ఇంట్లోవాళ్ళకు చెప్పే పని లేదు. వాళ్ళే నాకు పూట పూటకూ వినిపిస్తున్నారు.

అప్పుడెప్పుడో, కర్నూలులో వీధికొక డీటీపీ సెంటర్ ఉన్న రోజుల్లో, పేజ్‌మేకర్ నేర్చుకున్నాను. నేర్చుకున్నానంటే, ఒక స్నేహితుడి అంగట్లో కూర్చుని రెండు మూడు పెళ్ళి పత్రికలు కొట్టాను. వాటిల్లో ఒకదాంట్లో పెళ్ళికూతురి ఇంటిపేరు తప్పు పడింది, ఆ సంగతి ఇప్పుడు వద్దులెండి. అప్పటి నుంచి మా వంశంలో ఎవరి ప్రింటర్ ఇరుక్కున్నా నాకే ఫోను. నేను వెళ్ళి దాన్ని ఆపి మళ్ళీ ఆన్ చేస్తాను. పనిచేస్తే నా గొప్ప, చేయకపోతే ప్రింటర్ తప్పు. మీలోనూ ఉంటారు ఇట్లాంటివాళ్ళు. ఎప్పుడో టైపు హయ్యరు పాసైన ధీమాతో ఇవాళ్టికీ ఊరందరికీ సలహాలిచ్చేవాళ్ళు. తల ఊపకండి, నాకు తెలుసు.

మాది బండల అంగడి. బేతంచెర్ల, కొలిమిగుండ్ల నుంచి పాలిష్ బండలు, కడప వైపు నుంచి నల్ల బండలు తెప్పించి అమ్ముతాం. మా సీమలో నీళ్ళకు కరువుగానీ రాయికి కరువు లేదు. ఈ రాళ్ళ పొరల మీద 1872లోనే విలియం కింగ్ అనే దొర పెద్ద గ్రంథం రాసి అచ్చేయించాడు. అందులో మా కర్నూలు, కడప పేర్లు అట్టమీదే ఉన్నాయి. మూడు కిలోమీటర్లకు పైగా పొడుగున్న బెలుం గుహలు కూడా ఈ సున్నపురాతినే నీళ్ళు తొలిస్తే ఏర్పడ్డవి. ఇంత చరిత్ర ఉన్న రాయిని నేనేం చేశానో చెబుతాను వినండి.

బెంగళూరు బిల్డర్లు ఫోను చేసి రేటు అడిగేవాళ్ళు. చెప్పాక, "సార్, వెబ్‌సైట్ లింక్ పంపండి, ఫొటోలు చూసి చెప్తాం" అనేవాళ్ళు. లింకు లేదు. లేదనడానికి నామోషీ. "సర్వర్ రిపేరులో ఉంది" అని కొన్నాళ్ళు నెట్టుకొచ్చాను. చివరకు మా వీధి కుర్రాడొకడు తక్కువలో సైటు రాసిపెడతానన్నాడు. "ఫొటోలు కూడా నేనే సైజు చేసి పెడతా అన్నా, ఫొటోకు ఇంత అవుతుంది" అన్నాడు.

"ఫొటోల సంగతి నువ్వు వదిలెయ్ అబ్బీ. నాకు కంప్యూటర్ వచ్చు."

చూశారా, వచ్చేసింది ఆ మాట.

మా అల్లుడి దగ్గర పెద్ద కెమెరా ఉంది. అడిగి తెచ్చుకుని బండలన్నిటినీ ఎండలో పరిచి తీశాను. ఒక్కొక్క ఫొటో 6,000 పిక్సెళ్ళ వెడల్పు, 4,000 పిక్సెళ్ళ ఎత్తు. అంటే 2 కోట్ల 40 లక్షల చుక్కలు. ఫైలు తొమ్మిదీ పది ఎంబీలు. వాటిని అట్లాగే, మచ్చుకొక చుక్కైనా తగ్గించకుండా, ముప్ఫై ఫొటోలు మొదటి పేజీలోనే పెట్టించాను. కుర్రాడు ఏదో అనబోయాడు. చూపుతోనే ఆపేశాను.

మామూలు ఫోను తెర అడ్డంగా వెయ్యి పిక్సెళ్ళు, కాస్త అటూ ఇటూ. అంతకంటే ఎన్ని ఎక్కువ పంపినా ఆ తెర మీద కనబడేది అంతే. ఇది నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు నా లెక్క వేరు. ఫొటో ఎంత పెద్దదైతే అంగడి అంత పెద్దదని కదా జనం అనుకుంటారు! మా పేజీ ఒక్కసారి తెరిస్తే పావు జీబీకి పైగా డేటా హరీ. రోజుకు ఒకటిన్నర జీబీ వచ్చే ప్యాకేజీ మీద బతికే మేస్త్రీ నా సైటు ఐదారుసార్లు తెరిచాడంటే సాయంత్రం ఇంటికి వీడియో కాల్ చేసుకోవడానికి కూడా పక్కవాళ్ళ హాట్‌స్పాట్ అడుక్కోవాల్సిందే.

బెంగళూరు నుంచి ఒకాయన పాపం ఓపికగా చూశాడు. "సార్, పైనుంచి అర్ధ బండ వరకు వచ్చింది. మిగతా అర్ధం ఎప్పుడొస్తుంది?" అని అడిగాడు. జేపెగ్ ఫొటో మామూలుగా పైనుంచి కిందికి వరస వరసగా దిగుతుంది. నేను "మీ నెట్ స్లో సార్" అన్నాను. ఆయన ఉండేది సాఫ్ట్‌వేర్ కంపెనీల మధ్యన.

మా మేనల్లుడు అప్పుడు నంద్యాలలో బ్యాంకు కోచింగ్ తీసుకుంటున్నాడు. బ్యాంకు పరీక్షలకు నంద్యాల ఎంత పేరో మీకు చెప్పక్కర్లేదు. వారాంతాల్లో మా ఇంటికి వచ్చి సంగటి తిని, నా కంప్యూటర్‌లో అప్లికేషన్లు నింపుకునేవాడు. సైటు చూసి, "మామా, రీసైజ్ చేయాల గదా. ఇంతింత ఫొటోలు పెడితే ఎవురు చూస్తారు?" అన్నాడు. నాకు చిర్రెత్తింది. పరీక్షలకు చదువుకునే పిల్లోడు నాకు చెప్పడమా! కుర్రాణ్ణి పిలిచి, సైటు కోడులో ఫొటో వెడల్పు 300 అని రాయించాను. తెర మీద బొమ్మ బుల్లిగా అయింది. మేనల్లుడి వైపు గర్వంగా చూశాను. వాడు నెత్తి గోక్కున్నాడు. చూపించేటప్పుడు చిన్నగా చూపించినా దింపుకునేది ఆ పది ఎంబీల ఫైలునే కదా. బరువు గ్రాము తగ్గలేదు.

అప్పుడైనా వాడిని అడిగి ఉండాల్సింది. అడగలేదు. ఫొటోలు చిన్నవి చేయడానికి "మంచి" సాఫ్ట్‌వేర్ కావాలనుకున్నాను. మంచిదంటే ఖరీదైనది. ఖరీదైనదాన్ని కొనే మనసు లేదు. కాబట్టి దొంగ కాపీ తెచ్చాను. ఉచితంగా ఇస్తామని దర్జాగా చెప్పేవాటి మీద చిన్నచూపు, దొంగతనంగా వచ్చే ఖరీదైనదాని మీద గౌరవం. ఇది నా ఒక్కడి జబ్బని మాత్రం అనకండి. ఆ దొంగ కాపీతోపాటు వచ్చిన వైరస్ నా అకౌంట్లన్నీ తినేసింది. ఎవరు నాకు ఎంత బాకీ ఉన్నారో పోయింది. నేనెవరికి బాకీనో మాత్రం వాళ్ళందరికీ గుర్తుంది.

తర్వాత ఉచితానికి దిగాను. వెతికితే ఒక పేజీ వచ్చింది. దాంట్లో డౌన్‌లోడ్ అనే పచ్చ బటన్లు నాలుగు. అసలుది ఏదో మూలన సన్నటి అక్షరాల్లో ఉంటుందని, ఆ నాలుగూ ప్రకటనలని నాకేం తెలుసు? నాలుగూ నొక్కాను, ఒకటి కాకపోతే ఒకటి పనిచేస్తుందని. ఆ పూట నుంచి నా కంప్యూటర్ ఆన్ చేయగానే రమ్మీ ఆడమని పిలిచేది. మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు, నేనే ఆడుతున్నాననుకుని.

ఆఖరుకు మేనల్లుడే కంప్యూటర్ కడిగి, కావలసినవి ఎక్కించి ఇచ్చాడు. వాటి పుట్టుపూర్వోత్తరాలు కూడా చెప్పాడు. గింప్ అనేది 1995లో అమెరికాలో బర్క్‌లీ యూనివర్సిటీ పిల్లలిద్దరు, స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్, క్లాసు ప్రాజెక్టుగా మొదలుపెట్టిందట. ఇర్ఫాన్‌వ్యూను 1996 నుంచి ఒక్కడే నడుపుతున్నాడు, బోస్నియాలోని యాయ్‌ట్సె ఊరి నుంచి వియన్నాకు చదువుకోవడానికి పోయిన ఇర్ఫాన్ ష్కిల్యాన్. ఫొటోపీ అయితే బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది, ఏమీ ఎక్కించుకోవాల్సిన పని లేదు. అదీ ఇవాన్ కుట్స్కిర్ అనే ఒక్క కుర్రాడి చేతిపనే. 2018లో గూగుల్ క్రోమ్ వాళ్ళు పెట్టిన స్క్వూష్‌లో ఫొటో మధ్యన ఒక గీత ఉంటుంది. గీతకు ఒక పక్క పాత ఫొటో, ఇంకో పక్క తగ్గించిన ఫొటో. తేడా కంటికి ఆనేదాకా తగ్గించుకుంటూ పోవచ్చు. ఈ చివరి రెండింటిలో ఫొటో మన కంప్యూటర్ దాటి ఎక్కడికీ పోదు. "పిల్లలు చేసినవా?" అని పెదవి విరిచాను నేను. మేనల్లుడు ఇంకోటి కూడా చెప్పాడు. ఇర్ఫాన్‌వ్యూ ఇంటి వాడకానికే ఉచితం, వ్యాపారానికి వాడితే రుసుము కట్టాలని వాళ్ళే రాసిపెట్టారట. నేనేనాడు చదివాను! "ఒప్పుకుంటున్నాను" అనే గడిలో టిక్కు పెట్టడం తప్ప అందులో దేనికి ఒప్పుకున్నానో చదివిన పాపాన పోలేదు. మీరు చదివారా?

ఇక చేతికి పనిముట్లు వచ్చాయి. సైటులో ప్రొప్రైటర్ ఫొటో ఒకటి ఉండాలి కదా. కొండారెడ్డి బురుజు ముందు చేతులు కట్టుకుని నిలబడి తీయించుకున్నాను. ఫొటో బాగుంది. పొట్ట కూడా బాగా వచ్చింది. సైజు మార్చే చోట వెడల్పుకూ ఎత్తుకూ మధ్య చిన్న గొలుసు గుర్తు ఉంటుంది. అది కలిసి ఉంటే ఒకటి తగ్గించినప్పుడు రెండోదీ దామాషాలో తగ్గుతుంది. నేను గొలుసు విప్పి, ఎత్తు అట్లాగే ఉంచి వెడల్పు మాత్రం తగ్గించాను. పొట్ట పోయింది! పదేళ్ళ వయసూ పోయింది. ఆ సంతోషంలో వెనక బురుజును చూసుకోలేదు. రెండు రోజులకు మా అంగడికి వచ్చిన ఒక పెద్దాయన ఫోనులో సైటు చూస్తూ, "ఇది యా ఊరి మినారు సామీ?" అని అడిగాడు. కర్నూలులో పుట్టి పెరిగినవాడు, కొండారెడ్డి బురుజును గుర్తుపట్టలేదు!

అక్కడితో ఆగానా? రంగుల మీద పడ్డాను. మా బండ మామూలు బూడిద రంగు. నిజం చెప్పాలంటే ఫొటోలో అంతగా ఆకట్టుకోదు, తడి గుడ్డతో తుడిస్తేనే దాని అందం. నేను తడి గుడ్డకు బదులు శాచురేషన్ మీటను కుడివైపుకు జరిపాను. కొంచెం నీలం తేలింది. ఇంకొంచెం జరిపాను. ఆహా! సముద్రం. ఒక బండకు చిన్న బీట ఉంటే క్లోన్ పనిముట్టుతో పక్క రాయి నుంచి రంగు తెచ్చి పూడ్చేశాను. పూడ్చే ఊపులో బీట లేని బండలకు కూడా మెరుగు పెట్టాను. వారం తిరగకుండానే ఆర్డరు వచ్చింది. "ఆ బ్లూ స్టోన్ ఒక లోడు పంపండి" అన్నారు. బ్లూ స్టోన్ ఏదబ్బా అని నేనే కాసేపు ఆలోచించాను. తర్వాత ధైర్యంగా పంపాను. లారీ పోయింది, లారీ వచ్చింది, బండలు అందులోనే ఉన్నాయి. రానూ పోనూ కిరాయి నాదే. డ్రైవరు దిగుతూ, "వాళ్ళు ఫొటో చూపించి, ఈ బండ యాడుండాదని అడిగినారన్నా. నాకేం తెలుసు, మా అన్న కంప్యూటర్‌లో ఉండాదని చెప్పినా" అన్నాడు.

ఇంతవరకు పోయింది డబ్బూ పరువే. అవి మళ్ళీ వస్తాయి, పోతాయి. అసలు సంగతి ఇంకా చెప్పలేదు. చెప్పాలంటే నోరు రావడం లేదు. అయినా ఇంతదాకా విన్నవాళ్ళ దగ్గర ఇది మాత్రం దాస్తే బాగుండదు.

నా కంప్యూటర్‌లో అన్నీ ఒకచోటే ఉంటాయి. "కొత్త ఫోల్డర్ 3" అని డెస్క్‌టాప్ మీద ఒకటుంది. బండల ఫొటోలు, కరెంటు బిల్లులు, ఆధార్ జిరాక్సులు, సమస్తం అందులోనే. మా అమ్మాయి పెళ్ళి ఫొటోలూ అందులోనే, లోపల ఇంకో ఫోల్డర్‌లో. పెళ్ళి దేవుని కడపలో చేశాం, అబ్బాయి వాళ్ళది కడపే. పెళ్ళికి ముందు గండికోటలో పెన్న లోయ అంచున నిలబెట్టి తీసిన ఫొటోలు కూడా వాటిల్లో ఉన్నాయి. ఆల్బం ఇంకా వేయించలేదు. ఏ ఫొటోలు వేయించాలన్నది వియ్యంకుల వారితో తేలక.

ఒక రాత్రి భోజనాలయ్యాక, బండల ఫొటోలన్నీ ఒక్క దెబ్బతో చిన్నవి చేసేద్దామని కూర్చున్నాను. అట్లా మూటగట్టి ఒకేసారి మార్చే సదుపాయం ఉచిత సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి ఉంది. ఏది వాడానో చెప్పను, దాని తప్పేమీ లేదు, అది అడగాల్సినవన్నీ అడిగింది. ఫోల్డర్ చూపించాను. లోపలి ఫోల్డర్లు కూడానా అంది, కూడా అన్నాను. పాత ఫైళ్ళ మీదే రాయాలా అంది, రాయమన్నాను. సైజు గడిలో అంకెలు అప్పటికే ఉన్నాయి, ఉంటే మంచిదే కదా, మనకు శ్రమ తప్పిందనుకున్నాను. నిజంగానేనా అంది, నిజంగానే అన్నాను. మొదలుపెట్టు నొక్కాను. పచ్చ గీత ఒకటి పరిగెత్తింది, అబ్బ, ఏం వేగం అనుకున్నాను, ఇంత వేగంగా అయిపోయే పనికి ఆ కుర్రాడు ఫొటోకింత అడుగుతాడా అనుకున్నాను, వక్క పలుకు నోట్లో వేసుకున్నాను, ఫైళ్ళ పేర్లు కదులుతున్నాయి, బేతంచెర్ల ఒకటి, బేతంచెర్ల రెండు, కడప నలుపు, కరెంటు బిల్లు, తలంబ్రాలు ఒకటి, తలంబ్రాలు రెండు... తలంబ్రాలా! మౌస్ పట్టుకున్నాను, ఆపు బటన్ ఎక్కడుందో కనబడలేదు, ఎస్కేప్ నొక్కాను, ఎంటర్ నొక్కాను, కంప్యూటర్ మీద కొట్టాను, స్విచ్ పీకేద్దామని బల్ల కిందికి దూరాను, తల గుద్దుకుంది, పైకి లేచేసరికి "పని పూర్తయింది" అని తెర మీద మర్యాదగా రాసి ఉంది.

ఆ గడిలో అప్పటికే ఉన్న అంకెలు 200, 230. మేనల్లుడివి. ఐబీపీఎస్ వాళ్ళ బ్యాంకు పరీక్షకు ఫొటో 200 ఇంటూ 230 పిక్సెళ్ళు ఉండాలి, 20 నుంచి 50 కేబీ లోపల. సంతకం 140 ఇంటూ 60. నంద్యాల కోచింగ్ పిల్లల్ని నిద్రలో లేపి అడిగినా చెప్తారు. వాడు తన ఫొటో చేసుకుని, అంకెలు అట్లాగే వదిలి, సంగటి తినడానికి లేచిపోయాడు. గొలుసు గుర్తు విప్పే ఉంది. అది విప్పింది ఎవరో మీకు తెలుసు.

2 కోట్ల 40 లక్షల చుక్కల ఫొటోలో మిగిలింది 46 వేల చుక్కలు. ఐదు వందల ఇరవై చుక్కలకు ఒకటి. అడ్డంగా తీసిన ఫొటో నిలువు గడిలో ఇరుక్కుంది. మా వియ్యంకుడు, వియ్యపురాలు, పురోహితుడు, నాదస్వరం ఆయన, పంక్తి భోజనాల్లో కూర్చున్న రెండు ఊళ్ళ జనం, అందరూ సన్నగా, బిగుసుకుపోయి, క్లర్కు పోస్టుకు దరఖాస్తు పెట్టుకున్నట్టు ఉన్నారు. గండికోటలో పెన్న లోయ గోడకు పడ్డ బీటలా కనబడింది. అంత పెద్ద లోయ!

రీసైకిల్ బిన్ తెరిచాను. చెరిపేసిన ఫైలైతే అందులో పడుతుంది. పాత ఫైలు మీదే కొత్తది రాస్తే పడేదేమీ ఉండదు. ఫొటోగ్రాఫర్ పెళ్ళప్పుడే అన్నీ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు. ఆ పెన్‌డ్రైవ్‌ను నేనే ఖాళీ చేశాను, బండల ఫొటోలు ప్రింటింగ్ ప్రెస్‌కు తీసుకుపోవడానికి. ఆయన దగ్గరుండే కాపీ ఆయన ఎప్పుడో తీసేశాడట. ఇన్నాళ్ళు ఎవరు దాస్తారు సార్ అన్నాడు. న్యాయమే.

ఆశ చావదు కదా. చిన్న ఫొటోను పెద్దది చేసే కృత్రిమ మేధ పనిముట్లు ఉన్నాయంటే వాటినీ పట్టుకున్నాను. అవీ ఉచితమే. కానీ పోయిన చుక్కలు ఎక్కడి నుంచో వెనక్కి రావు, ఇక్కడ ఫలానాది ఉండి ఉంటుందని అవి ఊహించి నింపుతాయి. మా పెద్దత్త నోట్లో ఒక్క పన్ను లేదు, ఫొటోలో ముప్పై రెండూ మెరుస్తున్నాయి. మా బావమరిదికి ఎవరిదో ముఖం వచ్చింది, చూడ్డానికి బాగానే ఉన్నాడుగానీ మావాడు కాదు. మా ఆవిడ తన ఫొటో చూసి, "ఈ యమ్మ యెవురయ్యా? ఈమెతోనా నువ్వు కన్యాదానం జేసింది?" అంది.

సైటు ఇప్పుడు బాగానే ఉంది. మేనల్లుడు చేశాడు. పొడుగు వైపు 1,200 పిక్సెళ్ళు, జేపెగ్ నాణ్యత 75 దగ్గర, ఒక్కో ఫొటో వంద, నూటయాభై కేబీలు. పేజీ టక్కున తెరుచుకుంటుంది. బండ బూడిద రంగులోనే ఉంది. బురుజు లావుగా ఉంది, దాని ముందు నేనూ లావుగా ఉన్నాను. అసలు ఫొటోలు వేరే హార్డ్‌డిస్కులో ఉన్నాయి. అది మా ఆవిడ బీరువాలో ఉంది. తాళం ఎక్కడుందో నాకు చెప్పలేదు.

మీతో ఇదంతా చెప్పుకోవడానికి ఒక కారణం ఉంది. మా అమ్మాయి పెళ్ళికి దేవుని కడపకు వచ్చినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, ఫోనులో నాలుగు ఫొటోలు తీసుకునే ఉంటారు. దయచేసి వెతికి పంపండి. వాట్సాప్‌లో మామూలుగా ఫొటోగా పంపొద్దు, అది మళ్ళీ సైజు తగ్గించేస్తుంది. డాక్యుమెంటుగా పంపండి. పెన్‌డ్రైవ్‌లో తెచ్చేవాళ్ళు మాత్రం నా చేతికి ఇవ్వకండి, మా ఆవిడకు ఇవ్వండి.